పంటి కింద ఇసుకరాయి

ఇసుకరాయిని నేను మొదట గుర్తుపట్టింది కళ్ళతో కాదు, పళ్ళతో.

మొన్న మా మనవరాలు బడి పుస్తకం ముందు పెట్టుకుని, "ఇసుకరాయి ఒక అవక్షేప శిల, ఇసుకరాయి ఒక అవక్షేప శిల" అని ఊగుతూ వల్లె వేస్తోంది. పెరట్లోంచి రెండు రాళ్ళు తెచ్చి దాని ముందు పెట్టి, వీటిలో ఏదే నీ శిల అని అడిగాను. అది రాళ్ళ వంక చూసింది, పుస్తకం వంక చూసింది, చివరికి నా మొహం చూసి, "పుస్తకంలో బొమ్మ లేదవ్వా" అంది. బొమ్మ లేకపోతే రాయి తెలియని చదువు ఏం చదువో నాకు అర్థం కాలేదు. నేను చదివింది మూడో తరగతి దాకానే. ఆ తర్వాత అక్షరాలు మరిచిపోకుండా అంగడి పొట్లాల కాగితాలు చదువుకుంటూ వచ్చాను. అయినా చీకట్లో చేతికిచ్చినా ఇసుకరాయిని చెప్పగలను. అదెలా వచ్చిందో మా మనవరాలి కోసం రాస్తున్నాను. కాగితం వృథా చేయడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి సాగదీయను.

నా పెళ్ళి కర్నూలు రాజధాని అయిన కొత్తలో జరిగింది. మా పుట్టిల్లు కడప జిల్లాలో జమ్మలమడుగు వైపు. అక్కడ నేల మీద పరిచేది నాపరాయి, గోడకు పెట్టేది నాపరాయి, మిద్దె మీద కప్పేది నాపరాయి, చివరికి దొడ్డి చుట్టూ పాతేది కూడా నాపరాతి పలకలే. అత్తగారిల్లు బనగానపల్లె దగ్గరి పల్లె. మామిడి తోటలు ఉన్నవాళ్ళు వేరే. మాది మెట్ట పొలం. జొన్న, కొర్ర, వేరుశనగ, బావి కింద ఒక చెక్కలో రాగులు. ఇంట్లో అత్త, మామ, పెళ్ళికి ఎదిగిన ఆడబిడ్డ, మా ఆయన, నేను.

నేను ఆ గడప తొక్కిన నెలలోనే ఇంకొకటి కూడా ఆ గడప దాటి లోపలికి వచ్చింది. అది విసుర్రాయి. పాతది నల్లరాతిది, మా అత్తకు వాళ్ళ అత్త ఇచ్చింది. పెళ్ళి పిండి విసురుతుండగా రెండుగా పగిలింది. కొత్తదాన్ని అత్త సంతకు వెళ్ళి తానే ఎంచి బండిలో వేయించుకొచ్చింది. లేత ఎరుపు రంగు, గుండ్రంగా, చూడ ముచ్చటగా ఉండేది. వచ్చిపోయే వాళ్ళందరికీ దాన్ని చూపించేది. నన్ను చూపించిన దానికంటే ఎక్కువసార్లు దాన్నే చూపించి ఉంటుంది.

"ఒంటి చేత్తో తిరుగుతాది సూడు. కక్కు కొట్టిచ్చే పని గూడా లేదంట. ఎన్నేండ్లైనా ఇట్లనే గరుగ్గా ఉంటాదంట" అనేది.

నల్లరాతి విసుర్రాయి వాడేకొద్దీ నున్నబడిపోతుంది. అప్పుడు ఉలి పట్టుకుని వీధుల్లో కేకేస్తూ తిరిగేవాళ్ళను పిలిచి, రాతి మొహం మీద గంట్లు కొట్టించాలి. అదే కక్కు. వాళ్ళకు కూలి ఇవ్వాలి, కడుపుకు పెట్టాలి. ఆ ఖర్చే లేని రాయి దొరికిందని అత్త మురిసిపోయింది. ఆమెను తప్పు పట్టలేను. ఆ రోజు సంతలో నేనుండి ఉంటే నేనూ అదే రాయి తెచ్చేదాన్ని.

కొత్త రాయి ఎవరిదైనా మొదట కాస్త ఇసుక రాలుస్తుంది. అందుకని ముందు తవుడు విసిరి, ఆ తవుడును బర్రెకు వేసి, రాయిని కడిగి, పసుపు పూసి, అప్పుడు గింజలు పోస్తారు. అత్త అదంతా పద్ధతిగా చేసింది. కాబట్టి రాయి మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఇంట్లో ఇంకా తవుడు పెట్టి చూడని కొత్త సరుకు నేనొక్కదాన్నే.

మొదట పట్టుకున్నది మామ. సంగటి ముద్ద పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుని, దవడ ఆపేశాడు. సంగటి నమిలేది కాదు, మింగేది. మింగేవాడికే కరకర తెలిసిందంటే ఇసుక ఎంత ఉందో మీరే చూసుకోండి.

"ఏమ్మే, రాగులు గాలిచ్చినావా?" అంది అత్త నా వైపు తిరిగి.

"గాలిచ్చినానత్తా. చెరిగినా, ఏరినా, రెండు నీళ్ళ గాలిచ్చినా."

"మల్ల ఇదేంది? ఆకాశంలోంచి పడిందా?"

మర్నాడు ఇంకా జాగ్రత్తగా చేశాను. చాటలో పలుచగా పరిచి, ఒక్కొక్క గింజను చూసినట్టే చూశాను. చిన్నప్పుడు మా అమ్మ నా చేత బియ్యం ఏరించి, తర్వాత తాను మళ్ళీ ఏరి, ఒక్క రాయి దొరికినా ఆ రాయిని నా అరచేతిలో పెట్టి సాయంత్రం దాకా పట్టుకోమనేది. అలా పెరిగిన చెయ్యి నాది. అయినా ఆ రోజూ కరకర. ఆ మర్నాడూ కరకర.

అంతలో జొన్న కోతలు వచ్చాయి. అత్త పొద్దున్నే చేను దగ్గరికి పోయింది. కూలి ఆడవాళ్ళకు మధ్యాహ్నం పొలానికి సంగటి గంప నేనే మోసుకెళ్ళాను. వాళ్ళకు ఒక పెద్దామె ఉండేది, మేస్త్రీ లాగా. ఆమె ఏ చేనికి పోదామంటే మిగతా అందరూ ఆ చేనికే. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నాలుక ఇటూ అటూ తిప్పి, నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఏం పెద్దమ్మా, మీ కొత్త కోడలు సంగట్లేకి ఉప్పుకు బదులు ఇసక ఏస్తాదా ఏంది?" అని మా అత్తను అడిగింది.

"ఊరుకోమ్మే," అంది పక్కనున్న ఇంకొకామె. "ఆయమ్మిది జమ్మలమడుగు పక్క. ఆడ ఇండ్లే రాళ్ళు. రాళ్ళు తినే అలవాటేమో!"

చేనంతా నవ్వింది. మా అత్త నవ్వలేదు. పెద్దామె చేతులు కడుక్కుంటూ, నవ్వుతూనే చెప్పింది: "ముంగారు కలుపులకు ఇట్లనే ఉంటే మేం వేరే చేను సూసుకుంటాం పెద్దమ్మా. పని చేసేకి పండ్లుండల్ల గదా."

ముంగారంటే తొలకరి. ఆ కలుపు రోజుల్లో కూలీలు రాకపోతే వేరుశనగ చేను గడ్డిలో కలిసిపోతుంది. అందుకని ఆ మాట అత్తకు నిప్పులా తగిలింది. నాకు తగిలింది వేరే. ఇంటికి వచ్చాక ఆమె నా చేతిలోంచి చాట తీసుకుని గోడకు తగిలించి, "మీయమ్మ నీకు చాట పట్టేది నేర్పలేదా?" అంది. "రేపట్నించి పిండి పని నా కూతురు సూసుకుంటాది. నువ్వు పేడ తియ్యి, నీళ్ళు మొయ్యి. గింజ ముట్టుకోవద్దు."

పేడ తీయడానికీ నీళ్ళు మోయడానికీ నేనెప్పుడూ వెనకాడలేదు. కానీ గింజ ముట్టుకోవద్దనిపించుకున్న కోడలు ఆ ఇంట్లో కోడలు కాదు. పైగా మాట మా అమ్మ మీదికి పోయింది. జమ్మలమడుగు ఎంతో దూరం కాదు. ఎడ్లు కొనేవాళ్ళూ నాపరాళ్ళ బండ్లవాళ్ళూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. నీ కూతురు చెయ్యి శుభ్రం లేనిదట అని ఎవరో ఒకరు మా అమ్మ చెవిన వేయకముందే ఆ ఇసుక ఎక్కడిదో నేను కనుక్కోవాలి. ఇక నాకు వేరే ధ్యాస లేదు.

మర్నాడు ఆడబిడ్డ విసిరింది. కరకర తగ్గలేదు.

"నువ్వు చెరిగి పెట్టిన రాగులే గదా అవి," అంది అత్త నన్ను చూసి.

తర్వాత ఆడబిడ్డ తానే చెరిగి, తానే గాలించి, తానే విసిరింది. మళ్ళీ కరకర. ఆ పిల్ల పంతానికి వచ్చింది. "అమ్మా, ఈసారి వదిన చెయ్యి తగల్లేదు. అంతా నేనే."

అత్త ఒక్క క్షణం ఆలోచించి, "ఆయమ్మి పక్కన కూసోని కూసోని నీకూ అదే చెయ్యొచ్చిండాది," అంది.

మామ ముద్ద కష్టంగా మింగి, "ఆ లెక్కన ఆ చెయ్యి నా గొంతుకు గూడా వచ్చిండాది, ముద్ద దిగేది లేదు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆడబిడ్డ నా పక్షం అయింది.

విసుర్రాయి కడిగే పని మాత్రం నాకే వదిలారు. ఒకరోజు చెంబుతో నీళ్ళు పోసి కడిగి, ఇంకో చెంబు తెచ్చేలోపల రాతి మీద నీళ్ళు లేవు. కారిపోలేదు, కింద తడి లేదు. రాయే తాగేసింది. మా పుట్టింటి నాపరాయి మీద ఒక్క చుక్క పడితే అది గుండ్రంగా కూర్చుని ఉండేది. గుడ్డతో తుడవాలి తప్ప పోదు. దాహమేసే రాయిని నేను అంతకు ముందు చూడలేదు. ఇంకొన్ని నీళ్ళు పోశాను. అవీ తాగింది.

బొటనవేలితో అంచును గట్టిగా రుద్దాను. వేలికి ఎర్రటి పొడి అంటుకుంది. ఎండలో పెట్టి చూస్తే ఆ పొడిలో చక్కెర పలుకుల్లాగా మెరుస్తున్నాయి. రాతి పక్క భాగాన్ని తడిపి చూశాను. సన్నని గీతలు కనపడ్డాయి, లేత రంగు ఒకటి, ముదురు రంగు ఒకటి, మడిచి పెట్టిన చీర అంచు మీద కనిపించే మడతల్లాగా. నాపరాయిలోనూ పొరలు ఉంటాయి, పలకలుగా లేస్తుంది. కానీ దాన్ని ఎంత రుద్దినా వేలికి పలుకులు రావు. ఇక నల్లరాయికి పొరలే ఉండవు. నలుపూ తెలుపూ మచ్చలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి.

అప్పుడు నాకు అనుమానం గట్టిపడింది. కానీ చూపించడం ఎలా? గింజ పోసి విసిరితే ఇసుక గింజదంటారు. తెల్లగుడ్డ పరిచి ఉత్త రాయినే నాలుగు చుట్లు తిప్పితే తేలిపోతుంది. పిడి మీద చెయ్యి వేశానో లేదో, పశువుల దగ్గర్నుంచి అత్త కేక వేసింది.

"ఏయ్! ఉత్త రాయి తిప్పుతారా యాడన్నా? ఇంట్లో గింజ నిలబడదు!"

మా వైపూ అదే నమ్మకం. ఉత్త విసుర్రాయి ఎవరూ తిప్పరు. ఆ నమ్మకాన్ని నేను తీసేయలేదు, ఇప్పటికీ తిప్పను. కానీ దాని చాటునే ఆ రాయి అన్నాళ్ళు దొరలాగా కూర్చుందని నాకు తెలుసు. గింజ లేకుండా ఎవరూ దాన్ని తిప్పరు, గింజ ఉంటే తప్పు గింజ మీదికీ నా మీదికీ పోతుంది.

ఎండలు ముదిరి బావి అడుగంటింది, వంక, అదే మా ఊరి వాగు, ఎండిపోయింది. నీళ్ళకు ఆడబిడ్డా నేనూ వంకలో చెలమ తోడుకునే వాళ్ళం. ఇసుకలో గుంట తీసి, నీరు ఊరేదాకా కూర్చోవాలి. ఊరకే కూర్చోవడం నాకు చేతకాదు. కళ్ళకైనా పని పెట్టాలి. గట్టు నీడన ఎవరూ తొక్కని చోట, పోయిన వానల్లో పారిన నీళ్ళు ఇసుక మీద వేసిపోయిన అలలు ఇంకా అలాగే ఉన్నాయి, సన్నగా, వరుసగా. దాని పక్కనే ఒక బండ. ఆ బండ మీద గుడ్డలు ఉతికితే తొందరగా చిరుగుతాయని నేను దాని జోలికి పోయేదాన్ని కాదు. ఆ రోజు వట్టి కాళ్ళతో దాని మీదికి ఎక్కాను. పాదాల కింద అవే అలలు. కిందికి వంగి చూశాను. ఇసుక మీద ఎలా ఉన్నాయో బండ మీద అలాగే, అదే వరుస, అదే వంపు.

ఒక చిన్న పెళ్ళను ఊడదీసి, ఇంకో రాతితో నలిపి, అరచేతిలో నీళ్ళు పోసుకుని అందులో వేశాను. అడుక్కి దిగింది. ఇసుకే. చెలమ పక్క ఇసుకను ఇంకో చేతిలో వేసుకుంటే రెండు చేతులకూ తేడా లేదు, రంగు కాస్త ఎరుపు అంతే.

"అమ్మీ, ఇట్ల రా," అని ఆడబిడ్డను పిలిచాను. "ఈ బండ ఒకప్పుడు ఇసకే. నీళ్ళు మోసకచ్చి పరిచిపోయినాయి. దాని మీద ఇంగో వరస, దాని మీద ఇంగో వరస. బరువుకు కింద అణిగి అణిగి రాయి అయిపోయిండాది."

ఆ పిల్ల రెండు అరచేతులూ చూసి, నోరు తెరిచింది. "మన ఇసుర్రాయి గూడా ఇదేనా వదినా? అంటే ఇన్నాళ్ళు మనం వంకను నంజుకొని తింటాండామా?"

"రాయి అయితే గట్టిగుండల్ల గదా, ఎట్ల రాలుతాది?" అని మళ్ళీ తానే అడిగింది.

దానికి వేరుశనగ ఉండ గుర్తొచ్చింది నాకు. ఉండలో గింజ గట్టిదే, కానీ గింజను గింజతో పట్టి ఉంచేది బెల్లం పాకం. కొరికితే గింజ పగలకముందే పాకం వదిలేస్తుంది. ఇదీ అంతే. ఇసుక పలుకు ఇనుముకు కూడా లొంగదు. పలుకుకూ పలుకుకూ మధ్య ఉన్న పట్టు మాత్రం, రాయిని రాయితో రాపాడిస్తే, వదిలేస్తుంది. పాత పలుకు రాలి కింద కొత్త పలుకు తేలుతుంది. అందుకే ఆ రాయి ఎప్పటికీ గరుగ్గా ఉంటుంది. కక్కు ఖర్చు లేదని మేం సంతోషపడిన రాయి, ఆ ఖర్చును రోజూ మా సంగట్లోంచే తీసుకుంటోంది. మనవరాలి పుస్తకంలో అవక్షేపమంటే నీళ్ళలోనో గాలిలోనో వచ్చి అడుగున చేరినది అని రాశారు. అది చదివి నేను, అవును, మా అరచేతుల్లో చేరింది అనుకున్నాను.

ఇక మామిడికాయల రోజులొచ్చాయి. ఊరగాయకు కల్లుప్పు మెత్తగా విసరాలి. ఉప్పుకు చెరగడం, గాలించడం ఉండవు కాబట్టి, "ఇద్దరూ కూసోని ఇసరండి," అంది అత్త. ఆ మాటే నాకు దారి చూపింది. ఉప్పు నీళ్ళలో కరిగిపోతుంది. కరగనిది ఏం మిగిలితే అది రాయిదే.

అయితే కల్లుప్పులోనే కాస్త మట్టి ఉంటుంది. ఆ మాట అత్త అనకముందే నేనే అనుకున్నాను. అందుకని విసరని ఉప్పు ఒక గుప్పెడు పక్కకు తీశాను. రెండు సత్తు గిన్నెలు పెట్టి, ఒకదానిలో విసరని ఉప్పు, రెండోదానిలో విసిరిన ఉప్పు, రెండూ ఒక్క కొలతే వేసి, నీళ్ళు పోసి కలిపి, కదపకుండా వదిలేశాం. ఆడబిడ్డ గిన్నెల మీదికి వంగి, పొదిగే కోడిలాగా లేవలేదు. అంతలో అత్త వచ్చింది.

"ఏంది ఇది? ఊరగాయ ఉప్పును నీళ్ళల్లో పోస్తాండారా? మీకు ఏమన్నా తిక్క లేసిందా?"

"పారబోయమత్తా. ఈ నీళ్ళు వడగట్టి నిమ్మకాయలు ఊరేస్తా. ఒక్క పలుకు వృథా కాదు. ఒక్క నిమిషం కూసో."

వృథా కాదన్న మాటకు ఆమె కూర్చుంది. వేరే ఏ మాటకూ కూర్చునేది కాదు. నేను గిన్నెలు మెల్లగా వంచి నీళ్ళు వేరే దాంట్లోకి దించాను. విసరని ఉప్పు గిన్నె అడుగున కాస్త బురద మరక. విసిరిన ఉప్పు గిన్నె అడుగున ఎర్రటి ఇసుక, చిటికెడు కాదు, బొట్టు పెట్టుకునేంత కాదు, చిన్న గవ్వ నిండేంత.

అత్త వేలితో దాన్ని తీసింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత నాలుక మీద వేసుకుని, పళ్ళ మధ్య పెట్టి కొరికింది. ఆ కరకర మా ఇద్దరికీ వినపడింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలిసిన చప్పుడు.

"ఉప్పును గూడా నేను సరిగ్గా చెరగలేదేమో అత్తా," అన్నాను. నా నోరు ఊరుకోలేదు.

ఆమె నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. పక్కకు ఉమ్మేసి, రాయి దగ్గరికి పోయి, దాని అంచు మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దింది. వేలు చూసుకుంది. వాకిట్లోకి వస్తున్న మామతో, "ఏమప్పా, నువ్వు ఇన్నాళ్ళు రాయి తిన్నావంట," అంది.

"తెలుసు. ఎవురూ నమ్మలేదు గానీ," అన్నాడు మామ. "నా దవడ పన్ను ఒకటి కదుల్తాండాది. దాన్ని గూడా చెరిగి చూడండి."

మర్నాడు నీళ్ళకు మాతో అత్త కూడా వచ్చింది. ఆడబిడ్డ బండ చూపించింది. అత్త చెప్పులు విడిచి ఆ అలల మీద నిలబడి, వంగి అరచేయి ఆనించి, ఒక అల నుంచి ఇంకో అలకు చెయ్యి జరుపుతూ చాలాసేపు ఉంది. కింద మా చెలమలో అప్పుడే చెంబెడు నీళ్ళు ఊరాయి.

"ఇదంతా పారిండే నీళ్ళు చేసిందేనా?"

"అట్లనే కనపడతాండాది అత్తా."

"ఈ ఊర్లో ఇన్ని నీళ్ళుండె అంటే ఎవురు నమ్ముతారే!" అని ఆమె పకపకా నవ్వింది. మా పెళ్ళయ్యాక అత్త అలా నవ్వగా నేను వినడం అదే మొదటిసారి. "ఏం రాతమ్మా మనది. నీళ్ళు పోయినాయి, ఇసకను మనకు పెట్టిపోయినాయి."

రాయిని పారేయడం అనే మాటే మా ఇంట్లో లేదు. కింది రాయిని గొడ్ల కొట్టం గుమ్మం దగ్గర వేశాం. దాని మీద కొడవలి నాలుగు సార్లు రాస్తే పదును వచ్చేది. ఆ పలుకు ఇనుమును అంత చక్కగా అరగదీసేది. చుట్టుపక్కల వాళ్ళు కూడా కొడవళ్ళు తెచ్చుకునేవాళ్ళు. చిల్లు ఉన్న పై రాయి నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళు తోముకునే రాయి అయింది. మా ఇంట్లో పగిలిన మడమలు ఎవరికీ ఉండేవి కావు. తప్పు రాయిది కాదు. దాన్ని తప్పు చోట కూర్చోబెట్టాం.

కొత్త విసుర్రాయికి అత్త నన్ను వెంటబెట్టుకుని సంతకు వెళ్ళింది. నేను కొంగున సగం పిండిన నిమ్మ చెక్క ఒకటి కట్టుకున్నాను. కొత్తదాన్ని కోయడం ఎందుకు? రాళ్ళమ్మే అతను బండి కింద నీడలో కూర్చుని ఉన్నాడు. నేను మొదటి రాయి మీద నీళ్ళ చుక్క వేసి చూశాను. బొటనవేలితో రుద్దాను. ఇనుప తాళం చెవితో తట్టి విన్నాను. నల్లరాయి కంచులాగా ఖంగుమంటుంది, ఇసుకరాయి మట్టి గోడలాగా దబ్బుమంటుంది. ఒకటి నున్నగా నల్లగా ఉంటే దాన్ని తాళం చెవితో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండాను. సన్నగా నురగ వచ్చింది. అది నాపరాయి. మా పుట్టింట్లో నేల మీద నిమ్మకాయ పిండితే మచ్చ పడేది, మా అమ్మ వీపు మోగించేది. మెత్తని రాయి, విసరడానికి పనికిరాదు. పక్కకు పెట్టాను.

"అమ్మా, రాయి కొంటాండారా, దానికి జ్వరం సూస్తాండారా?" అన్నాడు అమ్మేవాడు.

"సూడనీప్పా, దాని పని దాన్ని చేసుకోనీ," అంది అత్త.

అతను ఊరుకోక, పక్కనున్న ఎర్ర రాయిని చూపించాడు. "ఇది తీసుకో పెద్దమ్మా. శానా తేలిక. కక్కు కొట్టే పనే లేదు."

అత్త నవ్వాపుకోలేకపోయింది. "దాని అక్క మా గొడ్ల కొట్టంలో ఉండాది. కొడవండ్లు నూరుకోను కావాలంటే నువ్వూ రా."

చివరికి ఒక నల్లరాయి నాకు నచ్చింది. నీటి చుక్క దాని మీద కదలకుండా కూర్చుంది. వేలికి పొడి అంటలేదు. తట్టితే మోగింది. బరువు మాత్రం ఎక్కువ. అత్త తన వేలు తడిపి, తానూ ఒకసారి రుద్ది, తాళం చెవి నా చేతిలోంచి తీసుకుని, తానూ ఒకసారి తట్టి, అప్పుడు సరేనంది. ఇంటికొచ్చి తవుడు విసిరాం. ఆ తర్వాత చిన్న సత్తు గిన్నె తెచ్చి, నాకు చెప్పకుండానే, తానే గుప్పెడు ఉప్పు విసిరి నీళ్ళలో వేసింది. మొదటి గిన్నెలో కాస్త పొడి. రెండోసారికి ఉప్పులోని మట్టి మరక తప్ప ఏమీ లేదు. ఆ నీళ్ళతో ఇంకొన్ని నిమ్మకాయలు ఊరాయి. ఆ ఏడు మా ఇంట్లో నిమ్మకాయ ఊరగాయ ఎక్కువే.

వానలు పడ్డాయి. వేరుశనగ మొలిచింది, దానికంటే ముందు కలుపు మొలిచింది. అత్తే కూలీల పెద్దామె ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. ఏం చెప్పిందో తెలియదు, వాళ్ళు ఒక్కరోజుకని వచ్చారు. ఆ పొద్దు చాట గోడ మీద నుంచి దిగి నా చేతికి వచ్చింది. రాగులు నేనే చెరిగాను, నేనే గాలించాను, నేనే విసిరాను. చేతులు పట్టుకుపోయాయి, నల్లరాయి బరువు అలాంటిది. సంగటి గంప నేనే నెత్తిన పెట్టుకున్నాను. అత్త పప్పు తపేలా పట్టుకుని నా వెనకాలే వచ్చింది.

పెద్దామె ముద్ద తీసుకుని, గుంట చేసి, పప్పు పోయించుకుని, నోట్లో పెట్టుకుంది. నాలుక ఇటు తిప్పింది, అటు తిప్పింది. మిగతా ఆడవాళ్ళు తినకుండా ఆమె దవడ వంకే చూస్తున్నారు. నేను గంప పక్కన నిలబడ్డాను. ఆమె మింగింది.

"ఏందమ్మా, ఈ పొద్దు ఇసక ఏసేది మర్సిపోతిరే?" అంది.

నేను నోరు తెరిచేలోపల అత్త అందుకుంది. "ఇసక ఆయమ్మిది గాదు. రాయిది. ఆ రాయి తెచ్చినదాన్ని నేను. అనేదేమన్నా ఉంటే నన్ననండి. నా కోడలు చెరిగిన రాగుల్లో ఒక్క రాయి దొరికితే ఈ చేనిట్లనే వదిలేసి పోండి."

నాకు చూపు ఆనలేదు, గంప వైపు వంగాను. మా అమ్మ వినాల్సిన మాట అది. బండ్లవాళ్ళు ఎవరైనా ఈ మాటను కూడా జమ్మలమడుగు దాకా మోసుకుపోతే బాగుండు అనుకున్నాను.

"రాయి ఇసకేస్తాదా?" అంది జమ్మలమడుగు వాళ్ళు రాళ్ళు తింటారన్న ఆమె, నమ్మలేక.

"సాయంత్రం కొట్టం కాడికి రా, సూపిస్తా. కొడవలి గూడా తెచ్చుకో," అంది అత్త.

పెద్దామె గిన్నె నా వైపు చాచింది. "సరే, రేపు గూడా వస్తాం గానీ, ఇంగో ముద్ద పెట్టు కోడలా. పోయినసారి సగం కడుపుతోనే లేసిపోయినాం."

నేను చెయ్యి తడుపుకుని ముద్ద తీశాను. మామూలు కంటే పెద్దది తీశాను. పిండి వృథాగా పెడితే అరిచే మా అత్త ఆ ముద్ద సైజు చూసి కూడా, పప్పు గరిటె నింపి, దాని మీద పోసింది.